ముజఫ్ఫరుద్దీన్ కూక్‌బూరీ: మీలాద్ విందు చేసిన ఇర్బిల్ పాలకుడు

ఈ రోజుల్లో క్యాలెండరు తిరగేస్తే ఏ ప్రత్యేకతా లేని తేదీ దొరకడం కష్టంగా ఉంది. తల్లుల దినం ఒకటి, నీటి దినం ఒకటి, మధుమేహ దినం ఒకటి. అక్టోబరు 16ను ప్రపంచ ఆహార దినం అంటున్నారు. ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ 1945లో ఆ తేదీనే పుట్టింది కనుక 1981 నుంచి ఆ రోజును అలా పాటిస్తున్నారు. నవంబరు 14 మధుమేహ దినం అయింది ఇన్సులిన్ కనుగొన్న వారిలో ఒకరైన బాంటింగ్ అనే వైద్యుడు ఆ రోజున పుట్టాడు కనుక. ఏ దినం వెనుక చూసినా ఎవరో ఒకరు పూనుకున్న కథ ఉంటుంది. మా దగ్గర చదువుకునే ఒక అబ్బాయి ఈ మధ్య మమ్మల్ని ఒక ప్రశ్న వేశాడు. మీలాదున్నబీని ఊరంతా కలిసి, దీపాలు పెట్టి, అన్నం వండి జరపడం ఎప్పుడు మొదలయిందని, ఎవరు మొదలుపెట్టారని అడిగాడు.

మీలాద్ జరపడం గురించి ఉలమాలలో అభిప్రాయ భేదం ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే. కొన్ని ఇళ్ళలో ఆ రోజు డేగిశాలు పొయ్యి మీదికి ఎక్కుతాయి, కొన్ని ఇళ్ళలో ఎక్కవు. మేమిక్కడ ఫత్వా రాయబోవడం లేదు. అబ్బాయి ప్రశ్నకు జవాబుగా చరిత్రకారులు పేర్కొనే ఒక మనిషి జీవితాన్ని మాత్రమే చెప్పదలచుకున్నాం. ఆయన పేరు ముజఫ్ఫరుద్దీన్ కూక్‌బూరీ. నేటి ఇరాక్ ఉత్తర భాగంలో ఉన్న ఇర్బిల్ నగరాన్ని 43 ఏళ్ళకు దగ్గరగా పాలించాడు. కూక్‌బూరీ అంటే తురుష్క భాషలో నీలి తోడేలు అని అర్థం. ఇంతటి దానశీలికి ఆ పేరేమిటా అని చదివేవారికి అనిపిస్తుంది. కథ ముందుకు సాగితే, ఆ పేరు అంత అసందర్భమేమీ కాదని కూడా అనిపిస్తుంది.

హిజ్రీ శకం 549, అంటే క్రీ.శ. 1154లో ఆయన జన్మించాడు. తండ్రి జైనుద్దీన్ అలీ ఇర్బిల్ పాలకుడు. మనిషి పొట్టివాడు కావడం వల్ల జనం ఆయన్ని కూచుక్, అంటే చిన్నవాడు అని పిలిచేవారు. 1168లో తండ్రి చనిపోయే నాటికి కూక్‌బూరీకి పద్నాలుగేళ్ళు. గద్దె పెద్ద కొడుకుదే. కాని రాజ్య వ్యవహారాలన్నీ తన చేతిలో పెట్టుకున్న ముజాహిదుద్దీన్ ఖైమాజ్ అనే అధికారికి ఈ కుర్రవాడు నచ్చలేదు. అతన్ని పక్కకు నెట్టి, తమ్ముడు యూసుఫ్‌ను కూర్చోబెట్టాడు. తండ్రి పోయిన దుఃఖం తీరకముందే ఇల్లూ ఊరూ రెండూ పోయాయి. న్యాయం కోసం బగ్దాదు వెళ్ళాడు, పని జరగలేదు. మోసుల్ వెళితే అక్కడి పాలకుడు జాలిపడి హర్రాన్ పట్టణాన్ని జాగీరుగా ఇచ్చాడు. ఆ హర్రాన్ ఇప్పుడు టర్కీలో ఉంది.

అక్కడి నుంచి ఆయన అదృష్టం సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీతో ముడిపడింది. 1182లో యూఫ్రటీస్ నది దాటి రమ్మని సుల్తాన్‌ను ప్రోత్సహించిన వారిలో ఈయన ఒకడు. దానికి ప్రతిఫలంగా రుహా పట్టణం కూడా దక్కింది. స్నేహం ఎప్పుడూ నున్నగా సాగిందని మాత్రం కాదు. ఇస్తానన్న 50,000 దీనార్లు ఇవ్వలేదని 1185లో సుల్తాన్ ఆయన్ని బంధించి, కొంతకాలానికి విడిచిపెట్టి, ఊళ్ళను తిరిగి ఇచ్చాడు. సుల్తాన్ తన సోదరి రబీఆ ఖాతూన్‌ను ఆయనకిచ్చి వివాహం చేశాడు. 1187లో ఫ్రాంకులతో జరిగిన హిత్తీన్ యుద్ధంలో కూక్‌బూరీ చూపిన ధైర్యాన్ని చరిత్రకారులందరూ మెచ్చుకున్నారు. బైతుల్ మఖ్దిస్ తిరిగి ముస్లింల చేతికి రావడానికి దారితీసిన యుద్ధం అదే. దాని వివరాలు ఈ పేజీ పాఠకులు ఇదివరకే ఎన్నోసార్లు చదివి ఉంటారు.

1190లో అక్కా రేవు పట్టణం కోసం సుదీర్ఘ పోరాటం జరుగుతున్నప్పుడు, సుల్తాన్‌కు సాయంగా వచ్చిన తమ్ముడు యూసుఫ్ జబ్బుపడి మరణించాడు. అప్పుడు కూక్‌బూరీ అక్కడే ఉన్నాడు. సుల్తాన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ పరామర్శకు వెళ్ళాడు. కన్నీళ్ళలో ఉంటాడనుకున్న అన్న, తమ్ముడి డేరాలో కూర్చుని అతని ఆస్తుల లెక్క చూసుకుంటూ, అతని అధికారులను నిర్బంధిస్తూ కనిపించాడట. ఇమాదుద్దీన్ దీన్ని దాచకుండా రాసిపెట్టాడు. పద్నాలుగేళ్ళప్పుడు పోయిన ఇంటి కోసం ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆయన. అది సాకు కాదు, ఆయన మనసు తెలియడానికి చెబుతున్నాం. హర్రాన్, రుహా వదులుకుంటాను, నాకు ఇర్బిల్ ఇవ్వమని సుల్తాన్‌ను కోరాడు. సుల్తాన్ ఇచ్చాడు. ఆ ఏడాది చివర్లో ఆయన తన తండ్రి కోటలోకి ప్రవేశించాడు. ఇక చనిపోయే వరకు ఆ ఊరే ఆయన లోకం.

ఇర్బిల్‌లో ఆయన ఏం చేశాడో మనకు చెప్పేవాడు ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఇబ్నె ఖల్లికాన్. ఈయన 1211లో ఇర్బిల్‌లో జన్మించి, తర్వాతి కాలంలో డమాస్కస్ ప్రధాన ఖాజీ అయ్యాడు. ప్రసిద్ధుల జీవితాలను అక్షర క్రమంలో చెప్పే ఆయన గ్రంథం వఫయాతుల్ అయాన్ మా మద్రసా రోజుల్లో అలమారా పై అరలో ఉండేది. ఇబ్నె ఖల్లికాన్ తండ్రి కూక్‌బూరీ కట్టించిన మద్రసాలోనే పాఠాలు చెప్పాడు. ఆ కుటుంబం ఆయన ఉప్పు తిన్నది. ఈ ఋణం తనపై ఉందని ఇబ్నె ఖల్లికాన్ స్వయంగా ఒప్పుకున్నాడు. అయినా లేనిది కల్పించి రాయలేదని కూడా చెప్పుకున్నాడు.

ఆయన రాసిన దాన్నిబట్టి, ఇర్బిల్‌లో తెల్లవారితే చాలు, ఊళ్ళో పలుచోట్ల రొట్టెలు మణుగుల కొద్దీ పంచేవారు. పాలకుడు స్వారీ ముగించి ఇంటికి వచ్చే వేళకు గుమ్మం దగ్గర పేదలు గుంపుగా నిలబడి ఉండేవారు. ఎండాకాలమైతే ఎండకు తగిన బట్టలు, చలికాలమైతే చలికి తగినవి, వాటితోపాటు ఒకటో రెండో బంగారు నాణేలు చేతిలో పెట్టేవాడు. వితంతువులకు ఒక ఇల్లు, అనాథలకు ఒక ఇల్లు కట్టించాడు. వీధిలో వదిలేసిన పసికందుల కోసం మరో ఇల్లు ఉండేది. అందులో పాలిచ్చే దాదీలను జీతమిచ్చి నియమించాడు. ఏ బిడ్డ ఎక్కడ దొరికినా తెచ్చి వాళ్ళ ఒడిలో పెట్టేవారు. ఊరికి వచ్చిన బాటసారి పండితుడైనా ఫకీరైనా వారికి విడిది గృహం తలుపు తెరిచే ఉండేది. రెండు పూటలా భోజనం పెట్టేవారు. తిరిగి వెళ్ళేటప్పుడు స్థితిని బట్టి దారి ఖర్చులూ ఇచ్చేవారు.

గుడ్డివారికీ దీర్ఘ రోగులకూ నాలుగు ఆశ్రయ గృహాలు కట్టించాడు. ప్రతి సోమవారం, ప్రతి గురువారం అసర్ నమాజు తర్వాత అక్కడికి స్వయంగా వెళ్ళేవాడు. దర్బారుకు పిలిపించుకోవడం కాదు, ఒక్కొక్కరి గదిలోకి తానే వెళ్ళేవాడు. ఎలా ఉన్నావని అడిగి, కాస్త డబ్బు ఇచ్చి, పక్క గదికి వెళ్ళేవాడు. అలా అందరినీ చూసేవరకు కదిలేవాడు కాదు. వాళ్ళతో హాస్యమాడి నవ్వించేవాడు. ఆసుపత్రికి వెళితే రోగి మంచం దగ్గర నిలబడి, రాత్రి నిద్ర పట్టిందా, ఏమైనా తినాలని ఉందా అని అడిగేవాడు. మన ఇళ్ళల్లో మంచం పట్టిన పెద్దలను వారానికి రెండుసార్లు పక్కన కూర్చుని పలకరించేవారు ఎందరున్నారో మేము అడగబోము. మాకే సిగ్గుగా ఉంది.

ఇంకో చిన్న సంగతి కూడా ఇబ్నె ఖల్లికాన్ రాశాడు. భోజనానికి కూర్చున్నప్పుడు ఏదైనా వంటకం ఒక ముద్ద తిని రుచిగా ఉందనిపిస్తే, ఆ గిన్నెను అక్కడితో ఆపి, దీన్ని ఫలానా షేఖ్ ఇంటికో, ఫలానా ధర్మాత్మురాలి ఇంటికో తీసుకెళ్ళమని నౌకరుకు చెప్పేవాడట. పండ్ల విషయంలోనూ, మిఠాయి విషయంలోనూ అంతే. భార్య రబీఆ ఖాతూన్ చెప్పిన దాన్నిబట్టి ఆయన వేసుకునే ముతక నూలు చొక్కా అయిదు దిర్హములు కూడా చేయదు. ఆమె మందలిస్తే, అయిదు దిర్హముల బట్ట కట్టుకుని మిగతాది దానం చేయడమే మేలని జవాబిచ్చేవాడట.

ఏటా రెండుసార్లు నమ్మకస్తులకు డబ్బిచ్చి సిరియా తీరానికి పంపేవాడు. ఫ్రాంకుల చెరలో ఉన్న ముస్లిం ఖైదీలను వెల చెల్లించి విడిపించడం వాళ్ళ పని. విడుదలై ఇర్బిల్ దాకా వచ్చిన వారికి ఆయనే మళ్ళీ కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు. హజ్ యాత్రికుల బిడారుకు దారిలో కావలసినవి సమకూర్చేవాడు. మక్కా, మదీనాలలోని పేదలకు ఏటా అయిదారు వేల దీనార్లు పంపేవాడు. అరఫాత్ దగ్గర యాత్రికులకు నీరు అందేలా చాలా ఖర్చుపెట్టి ఏర్పాట్లు చేయించి, తొట్లు కట్టించాడు.

ఇక మీలాద్ సంగతికి వద్దాం. దీన్ని ఆయన శూన్యంలోంచి పుట్టించలేదు. అంతకుముందే 12వ శతాబ్దంలో ఈజిప్టును పాలించిన ఫాతిమీలు దర్బారులో ఈ దినం జరిపి, అధికారులకూ మసీదుల వారికీ మిఠాయి పంచేవారు. అది కోటగోడల మధ్య లాంఛనం. దీనికి పూర్తిగా భిన్నమైన వాడు మోసుల్‌లోని షేఖ్ ఉమర్ మల్లా. సున్నం బట్టీలు నింపే కూలి పని చేసుకుని బతికే మనిషి కనుక ఆ పేరు వచ్చింది. ఒంటి మీది చొక్కా కూడా తనది కానంత పేదవాడు. సుల్తాన్ నూరుద్దీన్ అంతటివాడు ఈయన మాటకు విలువిచ్చేవాడు. మోసుల్‌లో నూరుద్దీన్ కట్టించిన పెద్ద మసీదు పనిని పర్యవేక్షించింది ఈయనే. వాలిన మినారుతో పేరుపొందిన ఆ మసీదు 2017 యుద్ధంలో కూలిపోగా, తర్వాత మళ్ళీ నిలబెట్టారు. ఉమర్ మల్లా ఏటా మీలాద్ రోజున అందరినీ పిలిచి విందు చేసేవాడు. ఇర్బిల్ పాలకుడు ఆయన్ని చూసే నేర్చుకున్నాడని డమాస్కస్ పండితుడు అబూ షామా రాశాడు. బట్టీ కూలి మొదలుపెట్టిన దాన్ని రాజు పెంచి పెద్దది చేశాడన్నమాట.

పెంచడమంటే మామూలుగా కాదు. ముహర్రం నెల నుంచే బగ్దాదు, మోసుల్, సింజార్, నసీబైన్, ఇరాన్ ప్రాంతాల నుంచి పండితులు, సూఫీలు, వాయిజులు, కవులు ఇర్బిల్‌కు రావడం మొదలయ్యేది. కోట గుమ్మం నుంచి మైదానం పక్కనున్న ఖాన్‌ఖా వరకు ఇరవైకి పైగా చెక్క మంటపాలు లేచేవి. ఒక్కొక్కటి నాలుగైదు అంతస్తులు. సఫర్ నెల మొదటి తేదీ నుంచి వాటిని అలంకరించేవారు. ఒక్కో అంతస్తులో పాడేవారు, వాయించేవారు, తోలుబొమ్మలాట వంటి నీడల ఆట ఆడించేవారు. ఆ రోజుల్లో ఊళ్ళో పనులు ఆగిపోయేవి. జనానికి ఆ మంటపాల మధ్య తిరగడమే పని. పాలకుడు రోజూ అసర్ తర్వాత దిగి వచ్చి ప్రతి మంటపం దగ్గరా కాసేపు ఆగేవాడు.

పండుగకు రెండు రోజుల ముందు లెక్కలేనన్ని ఒంటెలు, ఆవులు, గొర్రెలను డప్పులతో మైదానానికి తోలుకొచ్చి, జబహ్ చేసి, రకరకాలుగా వండేవారు. ముందు రోజు మగ్రిబ్ నమాజు తర్వాత కోటలో సమా జరిగేది. తర్వాత కొవ్వొత్తుల ఊరేగింపు బయలుదేరేది. వాటిలో కొన్ని ఎంత పెద్దవంటే ఒక్కొక్కదాన్ని ఒక కంచరగాడిద మీద కట్టి, వెనకనుంచి మనిషి పట్టుకోవలసి వచ్చేది. మర్నాడు వాయిజుల ప్రసంగం, సైన్యం కవాతు, వస్త్ర బహుమానాలు. ఆపైన మైదానంలో పేదలందరికీ ఒకే బారున దస్తర్‌ఖాన్ పరిచేవారు. ఖాన్‌ఖాలో మరో దస్తర్‌ఖాన్.

ఈ హడావుడిలో మాకు బాగా నచ్చింది ఒక చిన్న ఏర్పాటు. దైవప్రవక్త (స) జన్మదినం ఏ తేదీ అన్న దానిపై పండితులలో రెండు మాటలు ఉన్నందువల్ల, ఆయన పండుగను ఒక ఏడు రబీఉల్ అవ్వల్ 8న, మరో ఏడు 12న జరిపేవాడు. తనకు తోచిన తేదీని పట్టుకుని, అధికారముంది కదా అని అందరి మీదా రుద్దలేదు. తేదీల గురించి తగువులాడే ఈ కాలానికి ఆ పాలకుడి ఓర్పు ఆశ్చర్యంగానే ఉంటుంది.

హిజ్రీ 604లో అందలూసియా పండితుడు ఇబ్నె దిహ్యా ప్రయాణంలో ఇర్బిల్‌కు వచ్చి, ఈ సన్నాహాలు చూసి, మీలాద్‌పై ఒక గ్రంథం రాసి వినిపించాడు. బహుమానంగా వెయ్యి దీనార్లు దక్కాయి. హిజ్రీ 625లో ఆ గ్రంథాన్ని ఇర్బిల్‌లో ఆరు కూర్చున్న వేళల్లో చదవగా, కుర్రవాడైన ఇబ్నె ఖల్లికాన్ కూర్చుని విన్నాడు.

విందు లెక్కలు చెప్పినవాడు సిబ్త్ ఇబ్నె జౌజీ. అతిథుల నోట విన్న మాటగా ఆయన రాసిన దాని ప్రకారం ఒక ఏడాది 5,000 వేయించిన గొర్రెలు, 10,000 కోళ్ళు, లక్ష గిన్నెలు, 30,000 పళ్ళేల హల్వా. మీలాద్ ఖర్చు ఏటా 3 లక్షల దీనార్లు, ఖైదీల విడుదలకు 2 లక్షలు, విడిది గృహానికి లక్ష. ఇబ్నె కసీర్ కూడా వీటిని తన చరిత్రలో చేర్చుకున్నాడు. విందు తిని వచ్చినవాడి నోట గొర్రెల సంఖ్య తగ్గదు కనుక ఈ అంకెలను మేము కాస్త దూరం నుంచే చూస్తున్నాం. కాని సగానికి సగం కొట్టేసినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఒక చిన్న రాజ్యానికి ఇంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు ఇబ్నె ఖల్లికాన్‌లో దొరకదు. యాఖూత్ హమవీలో దొరుకుతుంది. ఈయన రోము దేశంలో పుట్టి, చిన్నతనంలోనే చెరపట్టబడి, బగ్దాదులో ఒక వర్తకుడికి బానిసగా అమ్ముడైన మనిషి. స్వేచ్ఛ పొంది, ఊరూరా తిరిగి, ఊళ్ళ నిఘంటువు రాశాడు. 1229లో చనిపోయాడు, అంటే కూక్‌బూరీకి సమకాలికుడు. ఇర్బిల్ గురించి రాస్తూ, ఈ పాలకుడు రాకతో అక్కడ బజార్లు వెలిశాయని, పరదేశులు వచ్చి స్థిరపడ్డారని, ఊరు మహా నగరమైందని మెచ్చుకున్నాడు. వెంటనే ఇంకో మాట రాశాడు. ఈ మనిషి స్వభావంలో పొంతన లేదన్నాడు. రైతుల మీద, ప్రజల మీద జులుం ఎక్కువని, ముక్కుపిండి సొమ్ము లాగుతాడని, న్యాయంగా రాని చోట నుంచి కూడా తీసుకుంటాడని, అయినా పేదలకు, పరదేశులకు చేతికి ఎముక లేనట్టు ఇస్తాడని, ఖైదీలను విడిపించడానికి అంతులేకుండా ఖర్చుపెడతాడని రాశాడు. బానిసత్వం చూసినవాడు కనుక ఖైదీల విడుదలను తక్కువ చేయలేదు. ప్రజల మూలుగు విన్నవాడు కనుక దాన్నీ దాచలేదు.

మేము ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. ఒకరు ఉప్పు తిన్న ఇంటివాడు, ఇంకొకరు దారిన పోయే పరదేశి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్టు మాకు తోచలేదు. సోమవారం నాడు గుడ్డివాడి గదిలో కూర్చుని నవ్వించిన చేయే, మంగళవారం ఏదో పల్లెలో రైతు గాదె ఊడ్పించి ఉండవచ్చు. ఆ రైతు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మైదానంలో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న పేదల్లో, తన సొమ్మే తన పళ్ళెంలోకి వచ్చిందని తెలియక దుఆ చేసినవాడూ ఒకడు ఉండే ఉంటాడు. మన వీధుల్లో కూడా పండుగ విందు కోసమంటూ చిన్న దుకాణదారు ముందు నిలబడి, అతను కాదనలేని విధంగా చందా రాసుకునేవారు ఉన్నారు. రసీదు మీద సంతోషంగా ఇచ్చినట్టే ఉంటుంది.

తర్వాతి తరాల ఉలమాలు వాదించుకున్నది దీని గురించి కాదు. ఆ దినం జరపవచ్చునా కూడదా అన్న దాని గురించి. 14వ శతాబ్దంలో మాలికీ పండితుడు ఫాకిహానీ కూడదని రాశాడు. 1505లో చనిపోయిన ఇమాం సుయూతీ ఆయనకు జవాబు రాస్తూ, దీన్ని మొదలుపెట్టినవాడిగా ఇర్బిల్ పాలకుడి పేరు చెప్పాడు. అలా రెండు పక్షాల వారి పుస్తకాల్లోనూ కూక్‌బూరీ ఏడాదికి ఒక్కరోజు మనిషిగా మిగిలిపోయాడు. నాలుగు ఆశ్రయ గృహాల మాట, పాలిచ్చే దాదీల మాట ఆ వాదాల్లో ఎవరికీ అవసరం లేకపోయింది. మన దేశంలో మీలాద్‌కు కేంద్ర ప్రభుత్వ సెలవు 1990లో, వి.పి. సింగ్ ప్రధానిగా ఉండగా వచ్చింది. ఆ సెలవు రోజున బిర్యానీ తినేవారిలోనూ, తినకుండా ఇంట్లో ఉండేవారిలోనూ ఆయన పేరు విన్నవారు తక్కువ.

హిజ్రీ 630, రంజాన్ 18న, అంటే 1233 జూన్ నెలాఖరున, ఎనభై ఏళ్ళ దగ్గరి వయసులో ఆయన మరణించాడు. గద్దె కోసం తమ్ముడి మరణం దాకా వేచి ఉన్న మనిషికి, తన తర్వాత గద్దె ఎక్కే వారసుడు లేకపోయాడు. ఇర్బిల్‌ను బగ్దాదు ఖలీఫాకు అప్పగించి వెళ్ళాడు. కొద్ది ఏళ్ళకే మంగోలులు వచ్చి నగరాన్ని కొల్లగొట్టారు. ఇప్పుడు అక్కడ ఆయన కాలానిదిగా చెప్పే ఇటుక మినారు ఒకటి, మొండిగానే అయినా, 36 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. ఆయన నివసించిన కోట 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. భార్య రబీఆ ఖాతూన్ ఆయన తర్వాత పదమూడేళ్ళు బతికి, డమాస్కస్‌లో ఖాసియూన్ కొండ దిగువన తాను కట్టించిన మద్రసాలో ఖననమైంది.

తనను మక్కాలో ఖననం చేయాలని కూక్‌బూరీ వసియ్యత్ చేశాడు. అక్కడ కొండ పాదాన ముందుగానే ఒక గుంబద్ కట్టించుకున్నాడు. చనిపోయినప్పుడు ఇర్బిల్ కోటలోనే తాత్కాలికంగా పూడ్చి, మరుసటి ఏడాది హిజ్రీ 631లో హజ్ బిడారు బయలుదేరినప్పుడు భౌతిక కాయాన్ని దానితో పంపారు. ఎన్నో ఏళ్ళు ఆయన ఖర్చుతో నడిచిన బిడారు అది. ఆ ఏడాది యాత్రికులు మక్కా చేరలేక లీనా అనే చోటు నుంచి వెనక్కి తిరిగారు. ఆయన్ని కూఫాలో, హజ్రత్ అలీ (ర) మష్‌హద్ దగ్గర ఖననం చేశారు.